47 సీజన్లు ఒకే జోన్‌తోనేనా? జిమ్ బేహైమ్ కోచింగ్ మీద చర్చ

ఫ్రీత్రో_లైన్:
అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ చూసేవాళ్ల కోసం, ఇక్కడ కాలేజీ టీములకి శిక్షణ ఇచ్చేవాళ్ల కోసం కూడా, సిరక్యూస్ యూనివర్సిటీ మాజీ కోచ్ జిమ్ బేహైమ్ మీద ఈ థ్రెడ్. ముందుగా ఒక మాట: పేరు స్పెల్లింగ్ చూసి చాలామంది బోహీమ్ అంటారు, పలకాల్సింది బేహైమ్.

1944 నవంబరు 17న న్యూయార్క్ రాష్ట్రంలో లయన్స్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. 1962లో స్కాలర్‌షిప్ లేకుండా సిరక్యూస్ యూనివర్సిటీకి వచ్చి టీములో చోటు సంపాదించుకున్నాడు. చివరి ఏడాదికి డేవ్ బింగ్ పక్కన గార్డ్‌గా ఆడే స్థాయికి ఎదిగాడు. 1969లో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా అక్కడే చేరాడు. 1976లో హెడ్ కోచ్ రాయ్ డాన్‌ఫోర్త్ ట్యూలేన్‌కి వెళ్లిపోతే ఆ కుర్చీ ఇతనికి దక్కింది. 2023 మార్చి 8న ఏసీసీ (అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్) టోర్నమెంట్‌లో వేక్ ఫారెస్ట్ చేతిలో 77-74తో ఓడేదాకా అదే కుర్చీ. మొత్తం 47 సీజన్లు.

అందరికీ గుర్తుండేది అతని 2-3 జోన్, అంటే ముందు ఇద్దరు, వెనక ముగ్గురు నిలబడి మనిషిని కాకుండా ఎవరి చోటుని వాళ్లు కాచే డిఫెన్స్. నా ప్రశ్న: ఏం ఆడబోతున్నాడో ప్రత్యర్థికి ముందే తెలిసినా అన్నేళ్లపాటు అది ఎలా పనిచేసింది? "పొడుగువాళ్లని తెచ్చుకున్నాడు" అని ఒక్క ముక్కలో తేల్చకుండా, ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు కదలాలో తెలిసినవాళ్లు చెప్పండి.

బేస్‌లైన్:
ముందు ఒక దిద్దుబాటు. 47 ఏళ్లూ జోనే ఆడాడనడం సరికాదు. మొదట్లో మ్యాన్ టు మ్యాన్ (ఒక్కొక్కరు ఒక్కో ప్రత్యర్థిని కాయడం), జోన్, ప్రెస్ (బంతి ముందుకి రాకుండా ప్రత్యర్థి వెంటపడి ఒత్తిడి పెట్టడం) అన్నీ కలిపి ఆడేవాడు. రూజ్‌వెల్ట్ బూయీ, లూయిస్ ఓర్ ఉన్న మొదటి నాలుగు సీజన్లలో 100 గెలుపులు, 18 ఓటములు. ఆ తర్వాత పర్ల్ వాషింగ్టన్, షెర్మన్ డగ్లస్, డెరిక్ కోల్‌మన్ రోజుల్లో టీము బలమంతా పరుగులో ఉండేది. 1996లో జాన్ వాలెస్ టీము జాతీయ టోర్నమెంట్ ఫైనల్‌దాకా వెళ్లినప్పుడు జోన్ వాటా బాగా పెరిగింది.

పూర్తిగా జోన్‌కి మారింది 2009లో. ఆ నవంబరులో ఎగ్జిబిషన్ మ్యాచ్‌లో పక్కనే ఉన్న చిన్న కాలేజీ లెమాయిన్ చేతిలో 82-79తో ఓడిపోయారు. ఆరోజు మ్యాన్ టు మ్యాన్ ప్రయత్నించారు, అది కుదరలేదు. ఆ తర్వాత మ్యాన్ పక్కన పెట్టేశాడు. అదే సీజన్ 30-5తో ముగిసింది.

అతని కెరీర్‌లో అన్నిటికంటే పెద్ద నిర్ణయం ఇదేనని నా అభిప్రాయం. 65 ఏళ్ల కోచ్, హాల్ ఆఫ్ ఫేమ్‌లో (2005) అప్పటికే చోటున్నవాడు, ఒక డిఫెన్స్‌ని మొత్తంగా వదిలేసి, ప్రాక్టీసులో డిఫెన్స్‌కి ఉన్న టైమంతా ఒక్కదానికే కేటాయించాడు. ఎదుటి టీముకి ఆ జోన్ మీద ప్రాక్టీసు చేయడానికి ఒకటి రెండు రోజులే దొరికేవి. సిరక్యూస్‌కి సీజనంతా అదే పని. ఫ్రీత్రో_లైన్ గారి ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉంది.

కోచ్_విజిల్:
మిగతా సగం నేను చెప్తాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి. వీలైతే నేల మీద సుద్దముక్కతో గీసుకుని చూడండి.

ఇద్దరు గార్డులు ఫ్రీత్రో లైన్ రెండు మూలల కంటే ఒక అడుగు ముందు. ఇద్దరు ఫార్వర్డ్‌లు పెయింట్ (రింగు ముందు రంగు వేసిన స్థలం) గీతకి బయట, అటూ ఇటూ. సెంటర్ రింగు ముందు. పుస్తకంలో బొమ్మ ఇంతే. బేహైమ్ జోన్ ప్రత్యేకత బంతి కదిలినప్పుడు కనబడుతుంది.

బంతి టాప్‌లో (రింగుకి ఎదురుగా, త్రీ పాయింట్ గీత దగ్గర) ఉంటే ఒక్క గార్డే దాని మీదకి వెళ్లాలి. రెండోవాడు ఒక అడుగు లోపలికి జరిగి, టాప్ నుంచి హై పోస్ట్‌కి (ఫ్రీత్రో లైన్ దగ్గరి చోటు) పోయే పాస్ దారిలో నిలబడాలి. కొత్త టీములు చేసే మొదటి తప్పు ఇక్కడే. ఇద్దరూ బంతి మీదకి ఉరుకుతారు, వెనక ఫ్రీత్రో లైన్ దగ్గర గది ఖాళీ అవుతుంది.

బంతి వింగ్‌కి (టాప్‌కీ మూలకీ మధ్య పక్కవైపు) పోతే గార్డ్ అక్కడికి చేరడానికి రెండు మూడు అడుగుల పరుగు పడుతుంది. ఆ లోపు షూటర్ కొట్టేస్తాడు. కాబట్టి దగ్గర్లో ఉన్న ఫార్వర్డ్ ముందు బయటికొచ్చి చేతులు పైకెత్తి ఆపుతాడు. గార్డ్ రాగానే "నాది" అని అరిచి ఫార్వర్డ్‌ని కార్నర్ (బేస్‌లైన్ దగ్గరి మూల) వైపు వెనక్కి పంపాలి. దీన్నే బంప్ అంటారు. అరుపు లేకపోతే రెండు రకాలుగా చెడుతుంది. ఇద్దరూ వింగ్ మీదే ఉండిపోతే కార్నర్ ఖాళీ, ఇద్దరూ వెనక్కి పోతే వింగ్ ఖాళీ. సిరక్యూస్ మ్యాచ్‌లు సౌండ్ పెట్టుకుని చూడండి, వెనక ముగ్గురూ నోరు మూయరు.

బంతి కార్నర్‌కి పోతే ఐదుగురూ ఒకేసారి కదలాలి. ఆవైపు ఫార్వర్డ్ బంతి మీదకి. సెంటర్ ఆవైపు బ్లాక్ (రింగు పక్కన పెయింట్ అంచు) దగ్గరకి. అవతలి ఫార్వర్డ్ రింగు ముందుకి. బంతివైపు గార్డ్, కార్నర్ నుంచి వింగ్‌కి తిరిగొచ్చే పాస్‌కి అడ్డం. అవతలి గార్డ్ హై పోస్ట్‌లోకి దిగాలి. ఇంతా చేస్తే మిగిలేది ఒక్కడే, అవతలి వింగ్‌లో షూటర్. అతనికి పాస్ వెళ్లాలంటే బంతి కోర్టు వెడల్పంతా గాల్లో ప్రయాణించాలి. జోన్ కావాలని వదిలే పాస్ అదే. బంతి గాల్లో ఉన్నంతసేపూ గార్డ్‌కి పరుగెత్తే టైము దొరుకుతుంది, చేతులు పొడుగైతే మధ్యలోనే అందుకుంటాడు.

పొడుగు సంగతి కూడా ఇక్కడే. గార్డ్ 6 అడుగుల 6 అంగుళాలుంటే జంప్ షాట్‌ని అడ్డుకోవడం ఒక్కటే లాభం కాదు. అవతలి ప్లేయర్ పాస్‌ని సూటిగా కాకుండా పైకి ఎత్తి వేయాల్సి వస్తుంది. ఎత్తిన పాస్ నిదానంగా వెళ్తుంది, ఆ నిదానంలో మిగతా నలుగురూ జరిగిపోతారు. 2013లో మైకేల్ కార్టర్-విలియమ్స్ టాప్‌లో ఉన్నప్పుడు ఇండియానా 50 పాయింట్ల దగ్గర ఆగింది. తర్వాతి మ్యాచ్‌లో మార్కెట్ (Marquette) యూనివర్సిటీ టీము 39 దగ్గరే ఆగిపోయింది, 53 షాట్లలో 12 మాత్రమే పడ్డాయి. ఆ మ్యాచ్‌లు మళ్లీ చూసేవాళ్లు బంతిని కాదు, టాప్‌లో గార్డుల చేతుల్ని గమనించండి.

రీబౌండ్_రాజు:
కోచ్_విజిల్ అన్నా, బాగా చెప్పారు. దీని జబ్బు కూడా చెప్పాలి, లేకపోతే చదివినవాళ్లు రేపే టీముకి పెట్టి దెబ్బతింటారు.

మ్యాన్ టు మ్యాన్‌లో షాట్ పైకెళ్లగానే ఎవరి మనిషిని వాళ్లు వీపుతో ఆపుతారు. జోన్‌లో "నా మనిషి" అంటూ ఎవరూ ఉండరు. కార్నర్ నుంచి తప్పిపోయిన షాట్ ఎక్కువగా అవతలివైపే పడుతుంది. సెంటర్ అప్పటికే బంతివైపు జరిగిపోయాడు కాబట్టి అవతల ఫార్వర్డ్ ఒక్కడే ఇద్దరికి జవాబు చెప్పుకోవాలి. ముప్పై సెకన్లు చక్కగా కాపలా కాసి, చివర్లో రీబౌండ్ వదిలి రెండు పాయింట్లు ఇవ్వడం సిరక్యూస్ అభిమానులకి బాగా తెలిసిన బాధ.

మందు అవతలి గార్డ్ చేతిలో ఉంది. షాట్ పైకెళ్లగానే ఫాస్ట్ బ్రేక్ కోసం ముందుకి పరుగెత్తకుండా, అవతలి వింగ్ నుంచి లోపలికి దూసుకొచ్చేవాణ్ణి వీపుతో అడ్డుకోవాలి. ఇద్దరు గార్డుల్లో ఒకడికే పరుగుకి అనుమతి. ఆ ఒకడెవరో షాట్ ఎటునుంచి వచ్చిందో చూసి తేల్చాలి: బంతివైపు గార్డ్ పరుగెత్తుతాడు, అవతలివాడు రీబౌండ్‌కి ఉంటాడు.

మధ్యగీత:
జోన్‌ని పగలగొట్టడం నేర్చుకోవాలంటే 2013 ఫైనల్ ఫోర్ (జాతీయ టోర్నమెంట్‌లో చివరి నాలుగు టీముల దశ) సెమీస్ చూడాలి. మిషిగన్ 61, సిరక్యూస్ 56. మిషిగన్ వాళ్లు 6 అడుగుల 10 అంగుళాల మిచ్ మెగ్యారీని ఫ్రీత్రో లైన్ దగ్గర పెట్టారు. అతనికి 10 పాయింట్లు, 12 రీబౌండ్లు, 6 అసిస్ట్‌లు (తోటివాడి షాట్ పడేలా ఇచ్చిన పాస్‌లు). చూడాల్సింది ఆ 6 అసిస్ట్‌లని.

సిరక్యూస్ పద్ధతిలో బంతి హై పోస్ట్‌కి చేరితే సెంటర్ ముందుకొస్తాడు. అతను కదిలిన క్షణమే రింగు ముందు ఖాళీ. హై పోస్ట్‌లో ఉన్నవాడు బంతి అందుకోగానే రింగువైపు తిరగాలి. వీపు పెట్టి డ్రిబుల్ మొదలెడితే గార్డులు వెనకనుంచి బంతి లాగేస్తారు. తిరిగాక మూడు చూపులు: ముందు బేస్‌లైన్ దగ్గర షార్ట్ కార్నర్‌లో నిలబడ్డవాడు, తర్వాత అవతలి కార్నర్, ఏదీ లేకపోతే తనే షాట్. షార్ట్ కార్నర్‌లో ఉన్నవాడు బోర్డు వెనక దాక్కున్నట్టు నిలబడాలి, సెంటర్ కంటికి కనబడకూడదు.

ఎక్కువ టీములు చేసే పొరపాటు, పెద్ద ప్లేయర్ కాబట్టి అని షూటింగ్, పాసింగ్ రెండూ రాని సెంటర్‌ని హై పోస్ట్‌లో నిలబెట్టడం. అక్కడికి బంతి వెళ్లినా జోన్‌కి ఏమీ కాదు. మీ టీములో పాసింగ్ బాగా వచ్చిన ఫార్వర్డ్‌ని అక్కడ పెట్టండి, ఎత్తు కాస్త తక్కువైనా ఫరవాలేదు.

ఇంకోటి: జోన్ కుదురుకోకముందే కొట్టేయాలి. ఐదుగురూ తమ చోట్లకి చేరడానికి పట్టే ఆ మూడు నాలుగు సెకన్లలో జోన్ అనేదే లేదు.

ఫ్రీత్రో_లైన్:
ఇంత వివరంగా వస్తుందనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. ఇంకో సందేహం. గెలుపులు కొన్నిచోట్ల 1,015 అని, కొన్నిచోట్ల 1,116 అని ఉంటాయి. ఏది రాయాలి?

స్కోరర్_టేబుల్:
రెండూ రాయాలి, తేడా ఎందుకొచ్చిందో కూడా రాయాలి. కోర్టులో గెలిచినవి 1,116. రికార్డులో మిగిలినవి 1,015. 2015 మార్చిలో అమెరికా కాలేజీ క్రీడల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ఇచ్చిన తీర్పు ప్రకారం 2004-07, 2010-12 మధ్య అర్హత లేని ఆటగాళ్లు ఆడిన మ్యాచ్‌లలో 101 గెలుపులు రద్దయ్యాయి. బేహైమ్‌కి 9 మ్యాచ్‌ల సస్పెన్షన్ పడింది. 12 స్కాలర్‌షిప్‌ల కోత కూడా వేశారు, అప్పీల్ తర్వాత అది 8కి తగ్గింది.

హెడ్ కోచ్‌గా తన ప్రోగ్రామ్‌లో జరిగేవాటి మీద నిఘా పెట్టలేదని ఆ తీర్పు తప్పుపట్టింది. అతనంటే నాకు ఎంత గౌరవమున్నా ఈ భాగాన్ని దాటేసి రాయడం ఒప్పుకోను. ఒకే చోట అన్నేళ్లున్న కోచ్‌కి అసిస్టెంట్లు, ట్యూటర్లు, బయటి దాతలు అందరూ పాతకాపులవుతారు, అడిగేవాళ్లు తగ్గిపోతారు. దీర్ఘకాలం పనిచేసిన కోచ్ గురించి మాట్లాడితే ఇది కూడా ఆటలో భాగమే.

బేస్‌లైన్:
స్కోరర్_టేబుల్ గారితో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. దాన్ని ఆనుకునే 2015-16 సీజన్ కూడా చెప్పాలి. ఆ 9 మ్యాచ్‌లకి అసిస్టెంట్ మైక్ హాప్కిన్స్ టీముని నడిపాడు, 4 గెలిచి 5 ఓడారు. మార్చిలో ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లోకి పదో సీడ్‌గా (ర్యాంకు) వచ్చారు. వర్జీనియాతో ఎలీట్ ఎయిట్‌లో (చివరి ఎనిమిది టీముల దశ) 16 పాయింట్లదాకా వెనకబడ్డారు. జోన్‌లో కూర్చుంటే వర్జీనియా నిదానంగా బంతి తిప్పుతూ గడియారం కరిగించేది. కాబట్టి బేహైమ్ ఫుల్ కోర్ట్ ప్రెస్ వేయించాడు. 68-62తో గెలిచి, పదో సీడ్‌గా ఫైనల్ ఫోర్‌కి చేరిన మొదటి టీము అయ్యారు.

జోన్ ఆడే కోచ్‌ని మొండివాడనేవాళ్లు ఈ మ్యాచ్ చూడాలి. ఆధిక్యంలో ఉన్నప్పుడు, సమంగా ఉన్నప్పుడు జోన్ మంచిదే. వెనకబడి, టైము అయిపోతున్నప్పుడు అదే జోన్ ప్రత్యర్థికి సాయం చేస్తుంది. జోన్ నేర్పే ప్రతి టీముకీ ఒక ప్రెస్ కూడా నేర్పి ఉంచాలి.

టిప్‌ఆఫ్_వరంగల్:
2003 ఫైనల్ గురించి ఎవరూ ఎత్తలేదేంటి? న్యూ ఓర్లీన్స్ సూపర్‌డోమ్, కాన్సస్ మీద 81-78. కార్మెలో ఆంటనీ ఫ్రెష్‌మన్ (మొదటి ఏడాది విద్యార్థి), 20 పాయింట్లు, 10 రీబౌండ్లు. జెర్రీ మెక్‌నమారా మొదటి సగంలోనే ఆరు త్రీలు (మూడు పాయింట్ల షాట్లు). అవతల కాన్సస్ 30 ఫ్రీత్రోల్లో 12 మాత్రమే వేసింది.

చివరి క్షణాలు అసలు పాఠం. 13.5 సెకన్లుండగా హకీమ్ వారిక్ రెండు ఫ్రీత్రోలూ వదిలేశాడు. తేడా మూడే. కాన్సస్ బంతి తెచ్చి తిప్పి ఎడమ కార్నర్‌లో మైకేల్ లీకి ఇచ్చింది. లీ చుట్టూ ఎవరూ లేరు. లోపల్నుంచి వారిక్ రెండంగల్లో వచ్చి, ఎడమ చెయ్యి చాచి ఆ షాట్‌ని బయటికి కొట్టేశాడు. 1.5 సెకన్లు మిగిలాయి. కోచ్_విజిల్ అన్న చెప్పిన కార్నర్ స్లైడ్ ఇదే, కాకపోతే ఆలస్యంగా మొదలై పొడుగు చేతులతో పూర్తయింది.

1987లో ఇదే సూపర్‌డోమ్‌లో ఇండియానా చేతిలో 74-73తో ఓడారు. ఒక్క పాయింటు ఆధిక్యంలో ఉండగా కోల్‌మన్ వన్-అండ్-వన్‌లో (మొదటిది పడితేనే రెండోది దొరుకుతుంది) మొదటి ఫ్రీత్రో వదిలాడు, తర్వాత కీత్ స్మార్ట్ బేస్‌లైన్ దగ్గర్నుంచి వేసిన షాట్ పడింది. 1996లో కెంటకీతో ఫైనల్ 76-67తో పోయింది. కెంటకీ కోచ్ రిక్ పిటినో, 1976లో బేహైమ్ మొట్టమొదట తీసుకున్న అసిస్టెంట్.

కోచ్_విజిల్:
టిప్‌ఆఫ్ తమ్ముడూ, మంచి మ్యాచ్ గుర్తుచేశావు. వారిక్ వచ్చిన తీరులో ఒకటి నేర్పాలి. అతను లీ ఒంటి మీదకి దూకలేదు, పక్కకి దాటిపోయేలా దూకాడు. నేరుగా దూకితే షూటర్ మీద పడి ఫౌల్, మూడు ఫ్రీత్రోలు. దూరం నుంచి పరుగెత్తి వచ్చే ఏ డిఫెండరైనా షూటర్ భుజం పక్కకి గురిపెట్టాలి.

మధ్యగీత:
ఇక్కడ జోన్ పెట్టాలనుకునేవాళ్లకి రూల్స్ తేడా చెప్తాను. మన టోర్నమెంట్లు ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) రూల్స్. డిఫెన్స్‌కి మూడు సెకన్ల నిబంధన (ఎవరినీ కాయకుండా పెయింట్‌లో మూడు సెకన్లు దాటి ఉండకూడదు) ఎన్‌బీఏలోనే ఉంది. ఫీబాలో లేదు, అమెరికా కాలేజీలోనూ లేదు. అంటే సెంటర్ పెయింట్‌లోనే ఉండిపోవచ్చు. ఇది అనుకూలం.

షాట్ క్లాక్ (షాట్ వేయడానికి ఉన్న గడువు) ఇంకా అనుకూలం. బేహైమ్ మొదలెట్టినప్పుడు షాట్ క్లాకే లేదు. 1985-86లో 45 సెకన్లు పెట్టారు, 1993-94లో 35 అయింది, 2015-16లో 30. మనకి 24. జోన్ ముందు బంతి తిప్పేవాళ్లకి ఆరు సెకన్లు తక్కువ.

వ్యతిరేకం త్రీ పాయింట్ గీత. కాలేజీలో 1986-87లో ఆ గీత 6.02 మీటర్ల దగ్గర మొదలైంది, 2008-09లో 6.32కి జరిగింది, 2019-20లో ఫీబా దూరం 6.75 మీటర్లకి వచ్చింది. షూటర్లు వెనక్కి జరిగిన కొద్దీ అదే ఐదుగురు ఇంకా పెద్ద స్థలం కాయాలి. 6.75 నుంచి నిలకడగా వేసే ఇద్దరు షూటర్లు ఎదురైతే 2-3 జోన్ మరీ వెడల్పుగా సాగి మధ్యలో ఖాళీలు పడతాయి. 2021-22లో సిరక్యూస్ 16-17, బేహైమ్‌కి ఓటములు ఎక్కువైన ఏకైక సీజన్ అది. గీత దూరం ఒక్కటే కారణమనను, టాప్‌లో గార్డుల వేగం కూడా తగ్గింది.

రీబౌండ్_రాజు:
నేర్పే క్రమం అడుగుతారు కాబట్టి రాస్తున్నా. మూడు వారాలుంటే చాలు.

మొదటి వారం బంతితో షాట్ వద్దు. ఐదుగురు జోన్‌లో, ఆరుగురు బయట, పాస్‌లు మాత్రమే. ఆరోవాడు అదనం కాబట్టి ఒకడు ఎప్పుడూ ఖాళీగానే ఉంటాడు, జోన్ పరుగెత్తక తప్పదు. 30 సెకన్లు ఆడి 30 సెకన్లు ఆగాలి, పది సార్లు. చేతులు భుజం కిందికి దిగితే ఆ రౌండ్ లెక్కలోకి రాదు. రెండో వారం వింగ్ బంప్, కార్నర్ స్లైడ్ విడివిడిగా, ముందు నడుస్తూ, తర్వాత పరుగులో. మూడో వారం ఐదుగురి మీద ఐదుగురు, ప్రతి షాట్ రీబౌండ్‌దాకా. డిఫెన్స్ రీబౌండ్ తీసుకునేదాకా బయటికి రాకూడదు.

ఒక హెచ్చరిక: మీ డిఫెన్స్ జోన్ ఒక్కటే అయితే, మీ ఆఫెన్స్‌కి ప్రాక్టీసులో రోజూ జోనే ఎదురవుతుంది. మ్యాచ్‌లో మ్యాన్ టు మ్యాన్ వస్తే తడబడతారు. రెండో టీముతో రోజూ పదిహేను నిమిషాలు మ్యాన్ ఆడించండి.

ఫ్రీత్రో_లైన్:
బేహైమ్ తర్వాత ఈ జోన్ ఏమైంది?

బేస్‌లైన్:
హాప్కిన్స్ 2017లో వాషింగ్టన్‌కి వెళ్తూ దాన్ని వెంట తీసుకెళ్లాడు. 2018, 2019 రెండేళ్లూ పాక్-12 కాన్ఫరెన్స్‌లో ఉత్తమ కోచ్. అక్కడ మటీస్ థైబుల్ ఆ జోన్‌లో పాస్‌లు పట్టిన తీరు చూడాలి, కాన్ఫరెన్స్ స్టీల్స్ రికార్డు అతనిదైంది. సిరక్యూస్‌లో మాత్రం వారసుడు ఏడ్రియన్ ఆట్రీ వచ్చీ రాగానే ఎక్కువగా మ్యాన్ టు మ్యాన్‌కి మారాడు.

టిప్‌ఆఫ్_వరంగల్:
ఆఖరుగా ఒకటి అడుగుతా. కాలేజీ టీముల్లో మంచి సెంటర్ ఒక్కడే ఉంటాడు. అతనికి మొదటి సగంలోనే మూడు ఫౌల్స్ పడితే జోన్ ఆపేయాలా?

కోచ్_విజిల్:
ఇది సిరక్యూస్‌ని కూడా దెబ్బకొట్టిన సమస్యే. 2010లో సెంటర్ అరింజే ఒనుఆకు గాయంతో ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌కి దూరమయ్యాడు, బట్లర్ 63-59తో ఇంటికి పంపింది. 2012లో సెంటర్ ఫాబ్ మెలో అనర్హుడయ్యాడు, ఒహాయో స్టేట్ చేతిలో 77-70తో ఆగారు. జోన్‌లో అందరికంటే కష్టమైన చోటు సెంటర్‌దే: హై పోస్ట్‌కి ముందుకెళ్లాలి, కార్నర్‌కి బంతి పోతే బ్లాక్‌కి జరగాలి, ఎవరు ఎక్కడున్నారో అరిచి చెప్పాలి.

జోన్ ఆపొద్దు, సెంటర్ పని తగ్గించు. రెండో సెంటర్‌ని పెట్టి, అతన్ని రింగు ముందే ఉండమను, హై పోస్ట్‌కి ముందుకి రావొద్దను. హై పోస్ట్ బాధ్యత అవతలి గార్డ్‌కి అప్పగించు. టాప్‌లో ఒక గార్డే మిగులుతాడు కాబట్టి అక్కడ్నుంచి ఒకటి రెండు త్రీలు పడతాయి, పడనీ. ఎదుటి టీములో టాప్ నుంచి కొట్టగలవాళ్లు ఇద్దరుంటే మాత్రం ఇది పనికిరాదు, ఆ కాసేపూ మ్యాన్ ఆడాల్సిందే. నాలుగో ఫౌల్ పడకుండా మీ మొదటి సెంటర్‌ని నాలుగో క్వార్టర్ కోసం బెంచ్ మీదే ఉంచు.